రెండు గుంటల కాంపౌండరు

మొన్న సోమవారం ఉదయం కాంపౌండరు అన్న చనిపోయాడు. నేను క్రోసూరులో తవుడు బస్తా బస్సు మీద వేయించుకుని ఊరికి వస్తుంటే కండక్టరు చెప్పాడు. ఆ తవుడు అన్న రొయ్యలకే.

ఆయన నాకు చుట్టం కాదు, పక్కింటాయన. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పొట్లాలు కట్టి, రిటైరయి వస్తూ ఒక కల్వం తెచ్చుకున్నాడు. ఆ కల్వంలో ఏం నూరినా చివరికి మెంతుల వాసనే. ఒకసారి మా ఇంటావిడ అల్లం నూరి పంపమంటే వచ్చిన అల్లం... సరే, అసలు సంగతికి వస్తాను.

సాగరు కాలవ వచ్చాక ఆయన చేను చివర నీళ్ళు ఊరి పైరు నిలవలేదు. అక్కడ పక్కపక్కనే రెండు గుంటలు తవ్వించి, కృష్ణలో పట్టిన మంచినీటి రొయ్య పిల్లను వదిలాడు. అందరూ తవుడూ వేరుశనగ చెక్కా వేస్తే, ఈయన వాటిలో మునగాకు, మెంతులు, వెల్లుల్లి నూరి కలిపి ఉండలు చేసేవాడు. "ఎంత పెట్టామని కాదు తమ్ముడూ, ఎంత అరిగిందని చూడాల" అనేవాడు. మనుషుల విషయంలోనూ అదే మాట, ముఖ్యంగా నా విషయంలో.

చేపల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. "ఒక గుంటకి ఆకు కలపండి, రెండోదానికి వట్టి మేత వెయ్యండి. తేడా కనపడితే పై ఆఫీసుకి నేనే రాస్తా" అన్నాడు. ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళు రాసిన మందులు కలిపిన మనిషి. తన మందు ఒక్కటి కాగితం మీదికి ఎక్కితే చాలనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కంటి ఆపరేషను వచ్చి నెల్లాళ్ళు గుంటూరులో ఉండిపోయాడు. రెండు డబ్బాలు నాకు అప్పజెప్పాడు. ఎర్రగుడ్డ కట్టిన ఆకు ఉండల డబ్బా కుడి గుంటకు, గుడ్డ కట్టని వట్టి మేత డబ్బా ఎడమ గుంటకు. "మార్చబాక" అన్నాడు.

నేను మార్చలేదు. కానీ పెళ్ళిళ్ళలో వడ్డన చేసీ చేసీ ముసలివాణ్ణయినవాణ్ణి, బంతిలో వలపక్షం చూపడం నా చేత కాదు. గట్టుకు ఇవతల కమ్మటి ఉండలు, అవతల వట్టి తవుడా? రెండు డబ్బాలూ రెండు గుంటలకూ సమానంగా పంచాను.

వలలు లాగిన రోజు రెండు కుప్పల్లోనూ రొయ్యలు ఒకేలా బలిసి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు "ఆకుతో పని లేదండీ" అని పుస్తకం మూసి మోటారు సైకిలెక్కాడు. అన్న ఒక కుప్ప వైపు చూశాడు, రెండో కుప్ప వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"ఏందిరా, ఎడమదానికి గూడా పెట్టావా?"

"బంతిలో కూచున్నాయిగా అన్నా."

"ఓరి నీ వడ్డన తగలెయ్య! అయ్యేమన్నా పెళ్ళివారట్రా?"

వల దులుపుతూ తనే అన్నాడు: "నా ఆకు పనిచేసిందని నీకూ నాకూ తెలుసు. ఆయనకి తెలవకపోయె."

ఈ ఏడు మళ్ళీ పిల్లను వదిలి, ఇన్‌స్పెక్టరును మళ్ళీ ఒప్పించాడు. ఆయన వచ్చే నెల వస్తాడు.

సోమవారం సాయంత్రం సమాధి మీద మట్టి వేసి తిన్నగా గుంటల దగ్గరకు వెళ్ళాను. ఎర్రగుడ్డ డబ్బాలో అన్న ముందురోజు చేసిన ఉండలున్నాయి. కుడి గుంటకు వేశాను. ఎడమ గట్టు మీదికి వచ్చేసరికి ఒడ్డు నీళ్ళలోంచి మీసాలు పైకి లేచాయి. నా చేతికి ఇంకా మెంతుల వాసన. ఆ చెయ్యి గడ్డికి రెండుసార్లు తుడుచుకుని, వట్టి తవుడూ చెక్కా వేశాను.

మీసాలు కాసేపు అలాగే నిలబడి, ఒక్కొక్కటే మునిగాయి.