గుంటలో సబ్జాగింజలు

ఆళ్లగడ్డ పక్క పల్లెలో చెన్నకేశవులు పేరెత్తితే ముందు నవ్వి, తర్వాత మాట్లాడేవాళ్లు. అనుమానం ముందు పుట్టి ఆయన తర్వాత పుట్టాడని ఊరి మాట. పాలు పలచగా ఉంటే బర్రెనే నిలదీసే రకం. పెళ్లి కూడా అందుకే కాలేదు. చూసిన ప్రతి సంబంధంలోనూ ఏదో మతలబు కనబడేది. ఆయన నమ్మిన ప్రాణి ఒక్కతే, చెల్లెలు కొండమ్మ. చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఆమె వండితేనే ఆయన తినేది.

డెబ్బై ఎనిమిదిలో, శివరాత్రి వెళ్లిన వారంలో అకాలపు వాన పడింది. అంతకు ముందు రోజే రుద్రవరం నుంచి కొండమ్మ మరిది కొడుకు ఓబులేసు వచ్చి, నిమ్మతోటంతా తిరిగి చూసి, "మామా, నీ తర్వాత ఇదంతా ఎవురికి?" అని అడిగి పోయాడు. ఊరికే అడిగాడో, కావాలనే అడిగాడో. చెన్నకేశవులుకు మాత్రం ఆ మాట అరగలేదు.

వాన వెలిసిన పొద్దున తోటలోని నీళ్లగుంటలో, గట్టు వారగా, గడ్డిపోచల మధ్య ఏదో జిగురుగా తేలుతోంది. తెల్లటి జిగురు, లోపల నల్లటి చుక్కలు. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాడు. చూడకేం! కడుపుకు చలవని రోజూ మధ్యాహ్నం కొండమ్మ ఇచ్చే గ్లాసులో తేలేవీ ఇవే కదా. నానిన సబ్జాగింజలు. మరి గుంటలోకి ఎట్లా వచ్చాయి?

కప్పగుడ్లు ఎరగని రైతు ఉంటాడా అని మీరడగవచ్చు. తొలకరిలో అయితే ఆయనా గుర్తుపట్టేవాడే. ఎండలు మొదలయ్యే రోజుల్లో కప్ప గుడ్లు పెడుతుందని ఎవరనుకుంటారు? పైగా మనసులో ఓబులేసు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మనిషికి మందు పెట్టి, ఎండగట్టి, ఆస్తి రాయించుకున్న కథలు ఆ చుట్టుపక్కల కొల్లలు. తాను తాగుతున్నది సబ్జా కాదు, మందు. ఓబులేసు మాట విని కొండమ్మే కలుపుతోంది, మిగిలింది తెచ్చి గుంటలో పారబోసింది. అలా అనుకోగానే కడుపులో నొప్పి కూడా మొదలైంది.

ఆ మధ్యాహ్నం గ్లాసు ముట్టలేదు. రాత్రి సంగటీ ముట్టలేదు.

"ఏందన్నా, ఒంట్లో బాగలేదా?" అంది కొండమ్మ.

"నాకేం? దుక్కలా ఉండా. ఇంక నా కూడు నేనే వండుకుంటా."

అవుకు దగ్గర మందు కక్కించే మనిషి ఉన్నాడని విన్నాడు. సాక్ష్యానికని ఆ జిగురును సీసాలో పట్టి మంచం కింద దాచాడు. రెండు రోజులు అటుకులు బుక్కి, సీసాను కండువాలో చుట్టి బయల్దేరుతుంటే కొండమ్మ అడ్డం వచ్చింది.

"యాడికి పోతాండావ్?"

"నువ్వు పెట్టిన మందు కక్కేదానికి."

ఆమె దారి వదిలి పక్కకు తప్పుకుంది.

బస్సులో కండువా జారింది. పక్కనున్న ముసలామె సీసాలోకి వంగి చూసి, "ఏందప్పా, తోకకప్పల్ని యాడికి తీస్కపోతాండావ్?" అంది.

చూశాడు. చుక్కలకు తోకలు మొలిచి గిరగిరా తిరుగుతున్నాయి. బస్సంతా ఒకటే నవ్వు. ఆయనకు సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. చెల్లెలితో అన్న మాట గుర్తొచ్చింది. నడిదారిలో దిగి, ఎదురొచ్చిన బస్సు పట్టుకుని ఇంటికొస్తే పొయ్యి చల్లగా ఉంది. కొండమ్మ రుద్రవరం వెళ్లిపోయిందని పక్కింటి దేవమ్మ చెప్పింది.

మర్నాడు పోయి ఆమె అత్తింటి వాకిట్లో నిలబడ్డాడు. "తప్పయిపోయింది మ్మే. రా, ఇంటికి పోదాం." ఆయన ఒకరి ముందు తల వంచడం అదే మొదలు. కొండమ్మ మూట సర్దుకుని వెంట వచ్చింది.

ఆ మధ్యాహ్నం సబ్జా నీళ్లు కలిపి, ఆయన చూస్తుండగానే అరచేతిలో కాసిన్ని వంపుకుని తాగి, తర్వాత గ్లాసు చేతికిచ్చింది.

"ఇదెందుకు కొండమ్మా?"

"నీకు నిమ్మళంగా ఉండాల కదన్నా."

మరుసటి రోజూ అంతే. అన్నం పెట్టినా ముందొక ముద్ద తాను తినేది. ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒకసారి ఏడ్చాడు కూడా. పదేళ్ల తర్వాత మంచాన పడి, కళ్లు మూతలు పడుతుండగా గుక్కెడు మజ్జిగ అడిగాడు. కొండమ్మ ముందు తన అరచేతిలో వంపుకుని తాగి, ఆ తర్వాతే ఆయన నోట్లో పోసింది.