మార్లీన్ గారి ట్రక్కు ముందు చక్రాలు

నిన్న టైర్లు మార్పించడానికి వెళ్ళి షాపు తలుపు తెరవగానే, గ్రీజు, కొత్త రబ్బరు కలిసిన వాసన గుప్పుమని ముఖానికి తగిలింది. అలాంటి వాసన మధ్యనే నేను అమెరికాలో మళ్ళీ ఇంజినీరునయ్యాను. నన్ను అలా చేసిన మనిషి మా పక్కింటి మార్లీన్.

మా ఆయన ఉద్యోగం మీద అరోరా అనే ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం చేసుకునే వీసా లేదు. కాకినాడలో మెకానికల్ చదివి, కొన్నాళ్ళు ఫ్యాక్టరీలో పని చేసి వచ్చినదాన్ని. ఇక్కడ పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అంటే మాట మార్చేదాన్ని. మార్లీన్‌కి అప్పటికే డెబ్బై దాటాయి. స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. భర్త పోయాక ఆయన పాత పికప్ ట్రక్కు ఆవిడే నడిపేది. ఇల్లు కదల్లేని ముసలివాళ్ళకి చర్చి నుంచి భోజనాలు తీసుకెళ్ళి ఇచ్చేది. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు.

ఒక చలికాలం ఆవిడ భుజానికి ఆపరేషన్ అయింది. మంచు కరిగాక మళ్ళీ ట్రక్కు తీసి, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేసింది. దిగకుండా స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చుంది. చెత్త డబ్బా లోపలికి లాగుతున్నదాన్ని, వదిలేసి దగ్గరికి వెళ్ళాను.

"గుంట వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ చేతుల్ని లాగేస్తోంది. భుజం ఓర్చుకోవట్లేదు" అంది. తల ఎత్తి, "నువ్వు ఇంజినీరువని మీ ఆయన చెప్పాడు. దీని కింద ఏముందో చూస్తావా?" అని అడిగింది.

ఈ దేశంలో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే.

గ్యారేజీలో పాత దుప్పటి పరుచుకుని ట్రక్కు కిందికి దూరాను. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ ఒకే ఇనుప దూలం ఉంది. ఒక చక్రం గుంటలో పడితే ఆ కుదుపు రెండోదానికీ, అక్కణ్ణుంచి స్టీరింగ్‌కీ పోతుంది. ఏ చక్రానికా చక్రం విడిగా ఆడే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వేయిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది, పవర్ స్టీరింగ్ కూడా పెట్టుకోవచ్చు. ఎలా వేయించాలన్నదే ప్రశ్న. బండి అడుగున ఉండే ఫ్రేమ్ ముందు భాగం కోసేసి, ఏదైనా పాత కారు ముందు భాగం తెచ్చి అతికించవచ్చు. ఫ్రేమ్ ఉంచి, కొత్త అడ్డకమ్మీ వెల్డింగ్ చేయించవచ్చు. లేదంటే ఆ మోడల్ కోసమే తయారుచేసిన కిట్ తెప్పించి బోల్టులతో బిగించవచ్చు.

టెక్సస్‌లో ఉండే కొడుకు గ్రెగ్ ఫోన్‌లో, "నాన్న బండిని కోయించకమ్మా. నువ్వు చిన్న కారు కొనుక్కో" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆవిడ ట్రక్కు తాళాలు చేతిలోకి తీసుకుంది. "వాడికిది నాన్న గుర్తు. నాకు దీన్ని నడపాలని ఉంది" అంది.

టేపు పట్టుకుని కొలతలు తీశాను. చక్రాల మధ్య వెడల్పు, ఇంజిన్ కింద ఖాళీ, తిప్పినప్పుడు టైరు పైనున్న రేకుకి రాసుకుంటుందా లేదా, అన్నీ చూశాను. తర్వాత ఆవిడ వంటింట్లో కూర్చుని మూడు పద్ధతుల లాభనష్టాలూ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"మూడిటి గురించీ బాగా చెప్పావు శైలా. నువ్వయితే ఏది వేయిస్తావో మాత్రం చెప్పలేదు."

"బండి మీది కదా. మీ ఇష్టం."

"ఇష్టం నాదే. నీ అభిప్రాయం అడుగుతున్నాను."

ఫ్యాక్టరీలో లెక్కలు నావి, మాట పైవాళ్ళది. అప్పటిదాకా నన్నెవరూ అలా అడిగింది లేదు.

"బోల్టుల కిట్" అన్నాను. "బండి కిందికి దిగకుండా ఎత్తుగానే ఉంటుంది, చూడ్డానికి షోకు తక్కువ. కానీ ఫ్రేమ్ కొయ్యక్కర్లేదు. పాత దూలం దాచిపెడితే గ్రెగ్ ఎప్పుడైనా మళ్ళీ బిగించుకోవచ్చు."

"సరే, అదే" అని ఆవిడ అప్పటికప్పుడే ఆర్డర్ చేసింది.

ఊరి చివరి షాపులో బిగించారు. తీరా చివర్లో కొత్త స్టీరింగ్ రాడ్డు పొగ గొట్టానికి తగిలింది. అక్కడ నేను కొలవలేదు. తల కొట్టేసినట్టయింది. నేను సారీ చెప్పబోతుంటే మార్లీన్, "ఇప్పుడేం చేద్దాం?" అంది. గొంతులో విసుగు లేదు. నిజంగానే నా జవాబు కోసం చూస్తోంది. గొట్టాన్ని కాస్త పక్కకి మళ్ళిస్తే చాలన్నాను. మెకానిక్ వంగి చూసి, సరేనని ఆ పనే చేశాడు.

తిరిగొస్తూ రైలు పట్టాల దగ్గర ఆవిడ అలవాటుగా పళ్ళు బిగబట్టింది. ట్రక్కు మెల్లగా ఊగి ఊరుకుంది. కొంతదూరం పోయాక ఆవిడ బండి వెనక్కి తిప్పి, మళ్ళీ అవే పట్టాలు దాటింది. ఈసారి నవ్వింది.

ఆ వేసవిలో గ్రెగ్ వచ్చి నడిపి చూశాడు. దిగాక, పాత దూలం ఎక్కడుందని అడిగి, దానికి తనే నూనె పూసి గ్యారేజీలో గోడవారగా పెట్టాడు. తల్లితో ఇంకేమీ వాదించలేదు. తర్వాత ఎప్పటికో నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. ఇంటర్వ్యూలో, ఇన్నాళ్ళూ ఏం చేశావని అడిగితే ఆ ట్రక్కు సంగతి చెప్పాను, తప్పిపోయిన కొలతతో సహా. ఉద్యోగం వచ్చింది.

మార్లీన్ చివరి జబ్బు చేసేదాకా ఆ ట్రక్కులోనే భోజనాలు అందించింది. నేనెప్పుడు థాంక్స్ చెప్పబోయినా, "నా భుజం నొప్పికి చెప్పుకో" అని తోసేసేది. ఇప్పుడు మీటింగుల్లో నా వంతు వచ్చినప్పుడు కాస్త జంకుతూనే ఉంటాను. అయినా నాకేది సరైనదనిపిస్తోందో చెప్పేస్తాను. అది తప్పని తేలిన రోజున కూడా, కుర్చీలోంచి లేచిపోకుండా ఉండగలుగుతున్నాను.