సుఖానికి సాక్షి కావాలి

అరబ్బీ మాట్లాడే సగం ప్రపంచానికి సుఖపడడం ఎలాగో నేర్పిన మనిషి జన్మలో ఒక్కసారి కూడా మెత్తటి దిండు మీద తల పెట్టలేదు. సరే, సగం ప్రపంచం అన్నది కొంచెం ఎక్కువే. నాలుగైదు హోటళ్ళు, ఒక పరుపుల కంపెనీ, ఒక చాక్లెట్ల కంపెనీ, సబ్బులు చేసేవాళ్ళు ఒకరు. దిండు సంగతి మాత్రం నిజం. నిఘంటువు తలకింద పెట్టుకుని చెక్కబల్ల మీద పడుకునేవాడు. నిఘంటువు కాదు, దాని అట్ట మాత్రమేనని వాళ్ళ చెల్లెలు అంటుంది గానీ, అన్నల గురించి చెల్లెళ్ళు చెప్పేది ఎవరు నమ్ముతారు?

ఇంగ్లీషు ప్రకటనలను అరబ్బీలోకి మార్చడం ఆయన పని. సాక్షి లేనిదే సుఖం గురించిన ఏ మాటనూ మార్చకపోవడం ఆయన జబ్బు. పరుపుల కంపెనీవాడు ‘మేఘాల మీద నిద్ర’ అని రాస్తే, ముందు ఎవరో ఒకరు ఆ పరుపు మీద పడుకుని, లేచి, ఈయన ఎదురుగా నిలబడి వాంగ్మూలం ఇవ్వాలి. అప్పటిదాకా కలం మూత తీసేవాడు కాదు. అందుకే వీధి వీధంతా ఆయన్ని సాక్షిగారు అనేది. ముఖం మీద గౌరవంగానూ, వెనకాల వేరేగానూ.

ఆ అనువాదాల ఆఫీసు ఆయన చెల్లెలి మొగుడిది. ఆ ప్రొప్రైటరుకి వచ్చిన భాష ఒక్కటే, కస్టమర్లను బతిమాలే భాష. ఆఫీసు పంటి డాక్టరు ఆసుపత్రికి సరిగ్గా కింద ఉండేది. పైన డ్రిల్లు గుయ్‌మని పళ్ళు తొలుస్తూ, ఎవరో కుయ్యోమంటూ ఉంటే, కింద సాక్షిగారు ‘అలౌకిక పరవశం’ అన్నదానికి అరబ్బీ వెతికేవాడు.

“బావా, పరుపు అన్నాక మెత్తగానే ఉంటుంది. దానికి సాక్ష్యం దేనికి?” అనేవాడు ప్రొప్రైటరు.

“నువ్వు పడుకున్నావా దాని మీద?”

“లేదు.”

“నేను పడుకున్నానా?”

“నీ మొహానికి అదొకటా!”

“అంటే మనిద్దరం అబద్ధాలకోరులం. ఆ ఇంగ్లీషు ముక్క రాసినవాడితో కలిపి ముగ్గురం.”

“పోనీ నువ్వే ఒక కునుకు తీసి ఏడువు.”

“నా ఒళ్ళు మొద్దు ఒళ్ళు. రాళ్ళ మీద పడేసినా ఒకటే గురక. సుఖం తెలియాలంటే ఒళ్ళు అలిసి ఉండాలి బావా. నీలాగా కుర్చీకి అంటుకుపోయినవాళ్ళు సాక్ష్యానికి పనికిరారు.”

ఆ పరుపుకి సాక్షిగా ఎదురింటి టాక్సీ డ్రైవర్ని పట్టుకొచ్చాడు. ఆ డ్రైవరు భార్య ఆ మధ్యే కవలల్ని కన్నది. ఒకడు ఊరుకుంటే రెండోవాడు అందుకునేవాడు. డ్రైవరు మధ్యాహ్నం ఆఫీసు మధ్యలో పరిచిన పరుపు మీద మొహమాటంగా ఒరిగాడు. పైన డ్రిల్లు మోగింది. బయట రెండు లారీలు ఎదురుపడి హారన్లు కొట్టుకున్నాయి. ఎవరో వచ్చి అతణ్ణి దాటుకుంటూ వెళ్ళి టైపు కాగితాలు పట్టుకుపోయారు. దీపాలు పెట్టే వేళకి లేచాడు.

“ఊఁ, చెప్పు. ఎలా ఉంది?” అన్నాడు సాక్షిగారు.

“ఏది సార్?”

“పరుపయ్యా, పరుపు!”

“కింద పరుపుందా సార్?”

“నీలాంటివాణ్ణి సాక్షిగా పిలిచిన నన్ననాలి,” అని విసుక్కుని అప్పటికప్పుడు అనువాదం పూర్తి చేశాడు. “నువ్వు పొర్లాడిన పరుపు మళ్ళీ కంపెనీకి ఏ మొహంతో పంపేది? ఈడ్చుకుపో ఇంటికి,” అని డ్రైవర్ని పరుపుతో సహా తరిమాడు.

చాక్లెట్లకి సాక్షి పక్క సందులో ఒంటరిగా ఉండే రిటైరయిన లెక్కల టీచరమ్మ. ఆవిడ ఎదురుగా కూర్చుని, “నవ్వకూడదు. ఇది పని,” అని హెచ్చరించాడు. టీచరమ్మ ఒకటి తిని కళ్ళు మూసుకుంది.

“బాగుంది నాయనా.”

“బాగుంది అంటే ఏ కోర్టూ ఒప్పుకోదు టీచరుగారూ. పెట్టె పూర్తి చేయండి. విచారణ మధ్యలో ఆపకూడదు.”

ఆ విచారణ వారం సాగింది. ఆ వారమంతా వీధిలో పిల్లలకి తప్పుడు లెక్కలక్కూడా మొట్టికాయలు పడలేదట.

అన్ని మాటల్లోకీ ఆయనకి అసహ్యమైన మాట ‘ఇండల్జ్’, ఒళ్ళు మరిచి సుఖపడడం. “మా కాన్వెంటులో ఇండల్జ్ అంటే తప్పు. రెండో బన్ను అడిగితే ఇండల్జ్ అని సిస్టరు మోకాళ్ళ మీద నిలబెట్టేది. ఇప్పుడేమో అదే తప్పుని హోటలువాడు కొవ్వొత్తులు వెలిగించి చేయిస్తానంటాడు! అరబ్బీలో దానికి ‘ఇంగిమాస్’ అని రాయమంటారు. మునిగిపోవడం. దేంట్లో మునగాలి? బురదలో కూడా మునగొచ్చు. పోనీ ‘తద్లీల్’ అందామా, అది గారాబం. ఇంత బొజ్జేసుకుని వచ్చినవాణ్ణి హోటలువాడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుగ్గలు నిమురుతాడా? సిగ్గుండాలి!”

ఇలా సిగ్గు గురించి ఆయన ప్రసంగాలు వినలేక కస్టమర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. పరుపులవాళ్ళు పోయారు, సబ్బులవాళ్ళు పోయారు. ఆఫీసు మూసేయాల్సిన రోజు ఎంతో దూరంలో లేదని ప్రొప్రైటరుకి తెలుసు. సరిగ్గా అప్పుడే స్నానాల హోటలు మేనేజరు వచ్చాడు. మనిషి కారు దిగకముందే సెంటు దిగింది.

తళతళలాడే పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టాడు. ఆవిరి గదులు, నూనెలు, పూలరేకులు తేలే తొట్లు. మనిషిని వేడినీళ్ళలో ముంచి తీయడానికి ఇన్ని విశేషణాలు కావాలని అది చూసేదాకా ఎవరికీ తెలియదు. అట్ట మీద ‘ప్యూర్ ఇండల్జెన్స్’ అని బంగారపు రంగు అక్షరాలు.

“ఇది బాగా వస్తే మా హోటళ్ళన్నిటి పనీ మీదే. రాకపోతే వేరేవాళ్ళున్నారు,” అన్నాడు మేనేజరు.

“సాక్షి...” అని మొదలుపెట్టాడు సాక్షిగారు. ప్రొప్రైటరు ఆయన కాలు తొక్కాడు. తొక్కిన కాలు మేనేజరుది.

చివరికి మేనేజరే, కాలు నిమురుకుంటూ, ఈ పిచ్చి ఏదో వదిలించుకుంటే చాలనుకుని, ఒక మనిషికి రెండు రోజులు హోటల్లో ఉచితంగా మర్యాదలు చేయిస్తానన్నాడు. కానీ శుక్రవారానికి అనువాదం చేతికి రావాలి.

ప్రొప్రైటరు ఆ సాయంత్రమే తువ్వాలు సర్దుకున్నాడు.

“ఎక్కడికి?” అన్నాడు సాక్షిగారు.

“సాక్ష్యానికి.”

“నువ్వా! నువ్వు చేసే పనికి నీ నీడ కూడా అలిసిపోదు. తువ్వాలు లోపల పెట్టు.”

కబురు వీధిలో పొక్కింది. మర్నాడు ఆఫీసు ముందు అలిసిపోయినవాళ్ళ జాతర. ఒకడు నడుము పట్టుకున్నాడు, ఒకడు లేని దగ్గు దగ్గాడు. పై అంతస్తు డాక్టరు స్వయంగా దిగివచ్చి, “రోజంతా వంగి నిలబడతానండీ,” అన్నాడు. “మీ ముందు నోరు తెరుచుకుని కూర్చునేవాడు అంతకన్నా అలిసిపోతాడు. పైకి వెళ్ళండి,” అన్నాడు సాక్షిగారు. కవలల డ్రైవరు మాత్రం రాలేదు. నిద్రపోతున్నాడట.

ఒక్కరూ నచ్చలేదు. బుధవారం వచ్చేసింది. ప్రొప్రైటరు చిందులు తొక్కుతూ ఇంటికి వెళ్ళి భార్య మీద పడ్డాడు.

“మీ అన్నయ్య నన్ను నిలువునా ముంచుతున్నాడు!”

“ఏం చేశాడండీ...”

“అమ్మాయ్!” అని లోపలి గదిలోంచి పిలుపు. ప్రొప్రైటరు తల్లి. జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పట్నుంచీ మంచంలోనే ఉంది. భార్య వెళ్ళి దిండు సర్ది వచ్చింది.

“ఆఫీసు మూసేస్తే మనం...”

“అమ్మాయ్!” ఈసారి మంచినీళ్ళు.

“అసలు నేను చెప్పేది వింటున్నావా?”

“అమ్మాయ్!” ఈసారి ఏమీ లేదు. ఉన్నావా లేదా అని.

పై అంతస్తు డ్రిల్లు లాగే ఆ పిలుపు కూడా ప్రొప్రైటరు చెవులకి వినిపించడం మానేసి చాలాకాలమైంది.

గుమ్మం ముందు కారు ఆగింది. హోటలువాళ్ళ కారు. అందులోంచి సాక్షిగారు దిగి చెల్లెలితో, “చెప్పులేసుకో. సాక్షివి నువ్వే,” అన్నాడు.

“నేనా? అత్తయ్యగారికి జావ ఎవరిస్తారు?”

“నేను కాస్తాను.”

“అన్నయ్యా, నీకు నీళ్ళు మరగబెట్టడం కూడా రాదు.”

“అయితే ఆవిడ చన్నీళ్ళు తాగుతుంది. ఎక్కు.”

ప్రొప్రైటరుకి మండింది. “బావా, నీకు మతి పోయింది! బాగా అలిసినవాళ్ళు కావాలన్నావుగా? ఇంట్లో ఉండే ఈవిడేం సాక్ష్యం చెబుతుంది?”

సాక్షిగారు వెళ్ళి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“అమ్మాయ్!” అని లోపల్నుంచి పిలుపు.

ప్రొప్రైటరుకి వినిపించింది. భార్య కాళ్ళు వాటంతటవే లోపలికి తిరగడమూ కనిపించింది. ఆయన మెల్లగా వెళ్ళి భార్య చెప్పులు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఒకటి ఆవిడదే. రెండోది పనిమనిషిది. అంత అలవాటు లేని పని.

ఆ రెండు రోజులు ఆ ఇంట్లో యుద్ధమే.

“అమ్మాయ్!”

“అమ్మాయి లేదు అత్తయ్యగారూ. అబ్బాయి ఉన్నాడు. ఏం కావాలి?”

“నువ్వొద్దు.”

“నాకూ మీరొద్దు. నీళ్ళా, దిండా?”

జావ మాడింది. మళ్ళీ కాస్తే ఉండకట్టింది. తినిపించబోతే పెద్దావిడ మూతి తిప్పుకుంది. సాక్షిగారికి ఏం చేయాలో తోచక హోటలు పుస్తకం తీసి వెటకారంగా చదవడం మొదలుపెట్టాడు.

“వినండి. ‘మా ఆవిరి గదిలో మీ ఆత్మ పువ్వులా విచ్చుకుంటుంది.’”

“ఆత్మకి ఆవిరేమిటి, పాతబట్టలా?”

“‘మా సుగంధ తైలాలు మీ చింతలను కరిగిస్తాయి.’”

“చింతలా! ముందు నీ జావలో ఉండలు కరిగించమను.”

అని పెద్దావిడ నవ్వింది. ఆ నవ్వులో నోరు తెరుచుకున్నప్పుడు సాక్షిగారు ఒక చెంచా లోపలికి తోసేశాడు. తర్వాత ప్రతి పేజీకీ రెండు చెంచాలు. బయట అరుగు మీద ప్రొప్రైటరు చెవి రిక్కించి విన్నాడు. తన తల్లికి నవ్వడం వచ్చని ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

శుక్రవారం పొద్దున చెల్లెలు తిరిగివచ్చింది. సాక్షిగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టాడు.

“ఆవిరి గది ఎలా ఉంది?”

“చూళ్ళేదు.”

“పూలరేకుల తొట్టి?”

“చూళ్ళేదు.”

“పోనీ, నూనెలు?”

“తల మీద చెయ్యి వేసింది అన్నయ్యా ఆ అమ్మాయి. అంతే, నిద్రపోయాను. లేచి అన్నం తిని మళ్ళీ నిద్రపోయాను.”

“రెండు రోజులు అంత హోటల్లో కూర్చుని నువ్వు చూసిందేమిటి? దండగ సాక్షి!”

“ఏమోనన్నయ్యా. అక్కడ నన్నెవరూ పిలవలేదు.”

సాక్షిగారు కలం మూత తీశాడు. అట్ట మీది బంగారపు అక్షరాలను కొట్టేసి, కింద అరబ్బీలో ఒకే ఒక్క వాక్యం రాశాడు: ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పిలవరు.

మేనేజరు అది చూసి ఎగిరిపడ్డాడు. “మా ఇండల్జెన్స్ ఏదండీ? మా పరవశం ఏది? ఇంత ఖరీదైన కాగితం మీద ఇంత ముక్కా?” అప్పుడే చింపేసేవాడే, కానీ అరబ్బీ చదవగలిగిన రిసెప్షనిస్టు ఒకావిడ ఆయన వెంట వచ్చింది. ఆవిడ ఆ కాగితం తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది. ఇంతలో ఆవిడ సెల్లు మోగింది. ఇంటి నుంచి. కట్ చేసింది. మళ్ళీ మోగింది.

“సార్,” అంది మేనేజరుతో, “మన హోటల్లో స్టాఫ్‌కి గదులేమైనా ఇస్తారా?”

మేనేజరు ఆవిడ వంకా, కాగితం వంకా చూసి, హోటళ్ళన్నిటి పనీ రాసిచ్చి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ప్రొప్రైటరు ఇంట్లో అందరూ టీ తాగుతున్నారు. ప్రొప్రైటరు కప్పు కింద పెట్టాడు.

“బావా, నాకిప్పుడు తెలిసింది. నిద్ర లేనివాడికి పరుపు. ఎవరూ ఏమీ కొనివ్వని టీచరమ్మకి చాక్లెట్లు. ఇప్పుడు మీ చెల్లెలు. నీకు కావలసింది సాక్ష్యం కాదు. నువ్వు ఇన్నాళ్ళూ...”

“నేను ఇన్నాళ్ళూ ఏమీ చేయలేదు,” అన్నాడు సాక్షిగారు, ఎవరో దొంగతనం అంటగట్టినట్టు లేచి నిలబడి. “అంతా కట్టుకథ. ఆ డ్రైవరు పరుపు మీద పడుకోనే లేదు. టీచరమ్మకి తీపి పడదు. ఇదిగో దీన్ని నేను కారెక్కించలేదు, అదే ఎక్కింది. నీ బుర్రకి పని లేక అల్లుతున్నావు. మీ అమ్మగారి దగ్గర నేను కూర్చోనూ లేదు, జావ కాయనూ లేదు.”

“అబ్బాయ్!” అని లోపల్నుంచి పిలుపు.

ప్రొప్రైటరు గబుక్కున లేచాడు.

“నువ్వు కాదురా, ఆ రెండోవాడు! ఆత్మ విచ్చుకున్నాక ఏమైందో చెప్పకుండా పోయాడు!”

“ఆవిడెవరో నాకు తెలియదు,” అన్నాడు సాక్షిగారు, హోటలు పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికి నడుస్తూ.