సగం మాట సార్

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో, విజయవాడలో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో జూనియర్ లెక్చరర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక శిక్షణ సంస్థలో ట్రైనీగా చేరాను. విదేశాల్లో ఇంగ్లీషు చెప్పడానికి అర్హత ఇచ్చే సర్టిఫికెట్ కోర్సు అది. వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక స్కూలు, ఆ సర్టిఫికెట్ చూపిస్తే టీచరుగా చేర్చుకుంటామంది. చూపించకపోతే ఏమవుతుందో వాళ్ళు రాయలేదు. మా నాన్నగారు మాత్రం రోజూ చెప్పేవారు. ముప్పై మూడేళ్ళకే ఆ వృత్తి నుంచి రిటైరై ఇప్పుడు మామయ్య టైల్స్ షాపు చూసుకుంటున్నాను కాబట్టి, ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకునే అర్హత కూడా వచ్చేసిందనుకుంటున్నాను.

కోర్సులో అసలు పరీక్ష కాగితం మీద కాదు. నిజమైన విద్యార్థులకి పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ట్రైనర్ కూర్చుని తప్పులు రాసుకుంటారు. చివరి పాఠానికి, పాసో ఫెయిలో తేల్చడానికి బయటి నుంచి అసెసర్ వస్తారు. మా ట్రైనర్ సుజానా గారు గల్ఫ్‌లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి వచ్చిన గుడివాడ మనిషి. నా మొదటి పాఠాల్ని ఎంతో మర్యాదగా ఫెయిల్ చేశారు. కారణం మా కాలేజీల్లో అందరికీ ఉన్న అలవాటే. లెక్చరర్ సగం మాట అని ఆగుతాడు, మిగతా సగం క్లాసంతా అరుస్తుంది. "క్యాపిటల్ ఆఫ్ ఫ్రాన్స్ ఈజ్ ప్యా..." అంటే "రిస్" అని గోడలు అదురుతాయి. వరండాలో ప్రిన్సిపాల్ తృప్తిగా వెళ్ళిపోతాడు.

"మీ క్లాసులో వాళ్ళు మాట్లాడినవన్నీ తోకలే బాబూ. తల మొత్తం మీదే," అన్నారు సుజానా గారు.

ట్రైనీలు పాఠం చెప్పే మా ఉచిత తరగతికి వచ్చేవాళ్ళంతా వ్యాపారస్తులు. హనుమాన్ జంక్షన్‌లో లారీ ట్రాన్స్‌పోర్ట్ నడిపే బసవయ్య గారు, వన్ టౌన్‌లో స్టీలు సామాను హోల్‌సేల్ చేసే నాగమణి గారు ముందు వరస. అసెసర్ వచ్చిన రోజు పాఠం, ఏదైనా ఆలస్యమైన సంగతి ఒకటి వాళ్ళ చేత ఇంగ్లీషులో చెప్పించడం. ఉదాహరణగా "లాస్ట్ వీక్ మై బస్ వాజ్ లే..." అనేశాను. "ట్" అంది క్లాసు, రోడ్డు మీదికి వినబడేలా. సుజానా గారు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. హనోయ్ విమానం నన్ను ఎక్కించుకోకుండానే లేచిపోయింది.

ఏం చెయ్యాలో తోచక "అండ్ యూ? వాట్ వాజ్ లేట్?" అని అడిగి నోరు మూసుకున్నాను. నేను సగం జవాబు అందిస్తానని వాళ్ళు చూస్తున్నారు. అందించలేదు. ఫ్యాను మాత్రం తిరుగుతోంది. నాకు ఒంట్లో బాగోలేదనుకుని బసవయ్య గారు జాలిపడ్డారు.

"సార్, యూ సిట్. ఐ విల్ టెల్."

కూర్చున్నాను. ఏలూరు దగ్గర టయరు పేలి తన లారీ ఆగిపోయిన కథ ఆయన మొదలుపెట్టారు. నాగమణి గారు మధ్యలో లేచారు.

"నో, బసవయ్య గారూ. టయర్ వాజ్ గుడ్. యువర్ డ్రైవర్ స్లీపింగ్. మై గిన్నెలు ఆల్సో స్లీపింగ్."

ఆ లోడు ఆవిడదేనట. తర్వాత క్లాసు రెండు పార్టీలైంది. డ్రైవరు తరఫున కొందరు, గిన్నెల తరఫున కొందరు, మొత్తం ఇంగ్లీషులోనే, పూర్తి వాక్యాలతో కొట్టుకున్నారు. నా పనల్లా వాళ్ళు అడిగిన ఇంగ్లీషు మాట బోర్డు మీద రాసిపెట్టడం.

పాసయ్యాను. "ట్రైనీ మౌనాన్ని పరిణతితో వాడుకున్నారు" అని అసెసర్ రాశారు. నేను అభ్యంతరం చెప్పలేదు. నెల తిరక్కుండా హనోయ్‌లో ఉన్నాను.

అక్కడ పనిచేసినన్నాళ్ళూ నన్ను నిలబెట్టింది ఆ పాఠమే. ప్రశ్న వేశాక ఆగాలి. ఆ నిశ్శబ్దం టీచరుకి ఎంత ఇబ్బందిగా ఉన్నా, దాన్ని పూడ్చాల్సింది ఎదురుగా కూర్చున్నవాళ్ళే.