బ్రేకులకు దిష్టి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనంతపురంలో మా పాత అంబాసిడర్‌కు కొత్త బ్రేక్ షూలు వేయించాను. నెల తిరగకముందే గుమ్మఘట్ట దగ్గర దిగుడులో మేకల మంద అడ్డొచ్చింది. ఎంత తొక్కినా బండి ఆగలేదు. పక్కన నిండు గర్భిణి, మా చెల్లెలు. వేరుశనగ చేలోకి తిప్పి బతికిపోయాం.

మర్నాడు మెకానిక్‌ను నిలదీశాను.

"దిష్టి సార్! ఆ పొద్దు చక్రంతో నిమ్మకాయ తొక్కించమంటే వద్దంటిరి."

"ముందు చక్రం విప్పప్పా!"

విప్పి చూస్తే షూలు ఇనుము దాకా అరిగిపోయి ఉన్నాయి. నకిలీ సరుకు.

"అందరికీ ఇవే ఏస్తాండా సార్. నిమ్మకాయ తొక్కించినోళ్లు ఎవురూ మళ్లొచ్చి అడగలేదు."

అప్పుడే అవే షూలు వేయించుకున్న జీపాయన ఇదంతా విన్నాడు. విని, నిమ్మకాయ తొక్కించి, జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మెకానిక్‌ను తిట్టడానికి నాకు మాటలు దొరికాయి. ఆ జీపును ఆపడానికే దొరకలేదు.