చట్నీ గిన్నె మీద మూత

నిన్న నేను చేసిన పనికి మా లైబ్రరీకి తాళం పడాల్సింది, వినండక్కా! మధ్యలో నవ్వితే మాత్రం చెప్పను.

పుత్తూరు పక్కన మా ఊర్లో లైబ్రరీ ఉండాది గదా, దాన్ని ఊడ్చేది నేనే. ముందు గదిలో పుస్తకాలు, వెనక గదిలో మ్యూజియం. మ్యూజియమంటే ఏముంది... తుప్పు పట్టిన కత్తులు, తోలుబొమ్మలు, చెవి విరిగిన నంది, ఒక పెద్ద రాతి రోలు. వచ్చేదెవరు? పేపరు చదివే ఇద్దరు తాతలు, పావురాలు! అందుకే చిత్తూరు నుంచి ఆఫీసరు వస్తాడని కబురు. జనం రాకుంటే సామానంతా తిరుపతికి తోలి, తలుపుకి తాళమేస్తారంట.

మా లైబ్రరీ సారుకి అన్నం దిగితే ఒట్టు. "మునెమ్మా, ఆయన భోజనం ఈడే. నీ సంగటి, చెనక్కాయ చట్నీ పెట్టు. కడుపు నిండితే మనసు కరుగుతుందేమో" అన్నాడు.

సంగటి ఇంట్లోనే కెలికి తెచ్చినా. చట్నీ మాత్రం అప్పటికప్పుడు పక్కింటోళ్ల మిక్సీలో వేద్దామని, వేయించిన పప్పులు, మిరపకాయలు, చింతపండు పట్టుకోని పోయినా. స్విచ్ వేసినానో లేదో, కరెంటు పాయె! బయట జీపు హారను.

లైబ్రరీ వెనక గదిలోకి ఉరికినా. ఎదురుగా రోలు! శుక్రవారం శుక్రవారం నేనే కడిగి పసుపు పెట్టే రోలు. నూరే పొత్రం కూడా దాంట్లోనే. రోలుండగా చట్నీకి దిగులేంది? మళ్లీ కడిగి, కూర్చోని, బరబరా నూరేసినా. ఏం రోలక్కా అది! వెన్న మాదిరి నలిగిపాయె. గిన్నెలోకి తీసి తలెత్తితే గోడ మీద బల్లి. మూత యాడ? నూరేటప్పుడు పక్కకి జరిపిన రేకు ముక్కే చేతికి దొరికింది. అది కప్పి పరిగెత్తినా.

గిన్నె ఆఫీసరు ముందర పెట్టి తల వంచుకోని నిలబడినా. కొత్తోళ్ల ముందర నాకు నోరు పెగలదు, మీకు తెలుసు గదా. ఆయన మూత తీయడే! దాన్నే చూస్తా ఉండాడు. మా సారు మొగం పాలిపోయింది.

"ఏమ్మా," అన్నాడు ఆఫీసరు నిదానంగా, "ఈ చట్నీ ఏ కాలం నాటిది?"

అప్పుడు చూసినా. రేకు మీద తెల్లటి అక్షరాలు: "అతి పురాతనమైనది. తాకరాదు."

రోలు ముందర పెట్టిన బోర్డక్కా! రోజూ తుడిచేది నేనే, ఒక్కనాడన్నా చదివిన పాపాన పోలా.

"యాడ నూరినావు?"

నా వేలు వెనక గది వైపు పాయె. లేచి పోయి చూసినాడు. పని పాయె, లైబ్రరీ పాయె అనుకున్నా. వచ్చినాడు, బోర్డు తీసి పక్కన పెట్టినాడు, సంగటి తుంచి అద్దుకున్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాడు!

చెయ్యి కడుక్కుంటా మా సారుతో, "తాళం ఇప్పుడొద్దులేప్పా. ఈ పాత రోలుని ఎవర్నీ తాకనీయద్దు. పక్కన ఒక కొత్త రోలు పెట్టి, బడి పిల్లోళ్లని పిలిచి, ఈయమ్మ చేత నూరి చూపించండి. జనం ఎందుకు రారో చూస్తాం" అన్నాడు.

లైబ్రరీ బతికింది! చచ్చింది నేను. అంతమంది పిల్లోళ్ల ముందర ఎట్ల మాట్లాడేదక్కా?

బోర్డుని మాత్రం మా సారు గోడకి మేకులతో కొట్టేసినాడు. నేనా? రాత్రి ఇంట్లో పప్పు గిన్నె మూత తీసేముందు కూడా, ఏమన్నా రాసుందేమోనని తిప్పి చూసినా!