రంగూన్ విద్యార్థికి నీళ్ల వంతు

1942 ఎండాకాలంలో నన్ను వనపర్తిలో ఒక హైస్కూలు బోర్డింగుకు మొహతమీమ్‌గా వేశారు. మొహతమీమ్ అంటే సూపరింటెండెంటే. పేరు పెద్దది, పని మాత్రం పిల్లల తిండి, నిద్ర, జ్వరాలు చూసుకోవడం. నిజాం రాజ్యం కాబట్టి పాఠాలన్నీ ఉర్దూలో. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకే అది పెద్ద గండం. ఇక సముద్రం అవతలి నుంచి ఒకడు వస్తాడని ఎవరనుకున్నారు?

స్కూలు తెరవగానే ఇటిక్యాల నుంచి ఒక రైతు తన అన్న కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. పేరు సోమయ్య, పదిహేడేళ్లు. రంగూన్‌లో పుట్టి పెరిగాడు. జపానువాళ్ల బాంబులు పడ్డాక తండ్రితో కలిసి అడవి దారిన నడిచి వస్తుంటే, తండ్రి దారిలోనే పోయాడట. "సారూ, మా అన్న ఒక్కటే అడిగిండంట, పోరన్ని సదివియ్యమని. జర మంచిగ చూస్కోండి" అని ఆ రైతు కండ్లు తుడుచుకున్నాడు. తల్లి సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఉర్దూ రానివాణ్ణి పై తరగతిలో ఎట్లా చేర్చుకోవాలన్నారు హెడ్మాస్టరు. రోజూ సాయంత్రం నేను చెప్తానని మాటిచ్చి, ఆర్నెల్ల పరీక్ష దాకా గడువు తెచ్చాను. అది తప్పితే ఇటిక్యాలకు పోయి నాగలి పట్టడమే.

మా పిల్లలు సోమయ్యను నెత్తిన పెట్టుకున్నారు. బోర్డింగులో నీళ్లు తోడడం, కూరగాయలు తరగడం అందరికీ వంతులవారీ పని. అతన్ని మాత్రం ఏ పనీ చేయనివ్వలేదు. బాయి దగ్గరికి పోతే చేతిలో బొక్కెన లాక్కున్నారు. దాహమంటే కుండ దాకా రానివ్వకుండా వాళ్లే ముంచి పోశారు. గోడవార వేరుగా పీట వేసి ముందుగా వడ్డించారు. మా పాలమూరు ఇండ్లలో చుట్టానికి చేసే మర్యాద అదే. చూసి నాకూ ముచ్చటేసింది.

నెల తిరిగేసరికి సోమయ్య మూట కట్టుకొని నా గదికి వచ్చాడు. వెళ్లిపోతానన్నాడు. ఉర్దూ కష్టమా అంటే కాదు, తిండి పడలేదా అంటే కాదు. గద్దించి అడిగితే బయటపడింది.

"బావి ముట్టనివ్వరు. కుండ ముట్టనివ్వరు. వేరేగా కూర్చోబెడతారు. మా అమ్మ బర్మా మనిషని వీళ్లకు తెలిసిపోయిందండీ" అన్నాడు. రంగూన్‌లో కోస్తావాళ్ల మధ్య పెరిగిన తెలుగు అతనిది.

ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. కానీ అతని అనుమానాన్ని ఎట్లా తప్పుపట్టేది? అదే ఊళ్లో కొందరిని బాయి ఛాయలకు రానివ్వరు, దోసిట్లో పైనుంచి నీళ్లు పోస్తారు. అతను అది కండ్లారా చూశాడు. మేము చేసిన మర్యాదకూ దానికీ పైకి తేడా ఏముంది?

పిల్లల్ని పిలిచాను. నేను వద్దంటున్నా వినకుండా, సోమయ్యే వాళ్ల ముందర తల్లి మాట చెప్పేశాడు. వాళ్లేమంటారోనని నాకు గుబులు పుట్టింది. అప్పుడు వంతులు వేసే పెద్ద పిల్లవాడు, లింగాల నుంచి వచ్చిన నర్సిరెడ్డి లేచాడు. ఉత్త నోటి దురుసు మనిషి.

"ఓరి నీ! సుట్టమని కూసోబెడితే గిట్లనుకుంటవా? నెల సంది నీ వంతు నీళ్లు గూడ నేనే తోడుతున్న, రెక్కలు పడిపోతున్నయి. రేపు పొద్దుగాల నువ్వు తోడు. తప్పిచ్చుకుంటే ఊకోను!"

మరునాడు సోమయ్య తోడిన నీళ్లు అందరూ తాగారు. అందరూ అంటే అబద్ధం. ఇద్దరు తాగలేదు. కొన్నాళ్లకు వాళ్ల నాయనలు వచ్చి తీసుకుపోయారు. పోతే పోనీ అన్నాను. హెడ్మాస్టరు సంజాయిషీ అడిగితే జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. సోమయ్య ఆర్నెల్ల పరీక్ష గట్టెక్కాడు. గొప్ప మార్కులేం కావు, చదువు మాత్రం నిలిచింది.

తర్వాత గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో కూడా బోర్డింగులు నడిపాను. ఎంత దూరం నుంచి వచ్చినవాడికైనా మొదటి పూట కడుపునిండా పెట్టించి, రెండో పూటకల్లా పని ఒప్పజెప్పాను. వచ్చీరాగానే మా పిల్లవాడితో చాకిరీ చేయిస్తావా అని తగాదాకు వచ్చిన తల్లిదండ్రులూ ఉన్నారు. రానీ అనుకున్నాను. కొత్తవాడి చేతులు నాలుగు రోజులు బొబ్బలెక్కితే మానిపోతాయి. తనను ఎందుకు దూరంగా కూర్చోబెట్టారో తెలియక వాడు ఒక్కడే కుమిలిపోకూడదు.